మైకు గది వెనక పువ్వు

ఏప్రిల్ 2

గొంతులోంచి తీసిన బుడిపె మినపగింజంత కూడా లేదు. డాక్టరు చిన్న సీసాలో పెట్టి చూపించాడు. దీనికా నేను రెండు నెలలు హడలిపోయింది! పరీక్షకి పంపిస్తే ప్రమాదమేమీ లేదని వచ్చిందట.

మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుస ఇంకా చెడ్డదట. తర్వాత ఒక పరీక్ష. "బస్ స్టేషన్ మైకులో ఇరవై రెండేళ్ళ నుంచి మీ గొంతు వింటున్నామండీ. అందుకే చెప్తున్నా, నోరు కట్టేసుకోండి" అన్నాడు డాక్టరు. తల ఊపాను. తల ఎన్నిసార్లు ఊపచ్చో అడగాలని ఉంది, ఎలా అడగను?

ఇంట్లో సంగతి ఏమిటంటే, అత్తయ్యకి చెవులు సరిగా వినపడవు. పలక మీద రాసి చూపిద్దామంటే, కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు. మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పనిలో తల దూర్చాడంటే పక్కన పిడుగు పడినా పలకడు. ఈ మూడు వారాలూ మా ఇల్లు గ్రంథాలయమే.

అందుకే ఈ పుస్తకం. ఎక్కడో ఒకచోట వాగకపోతే కడుపు ఉబ్బి చస్తాను.

ఏప్రిల్ 3

మాట్లాడలేదు.

ఏప్రిల్ 4

మాట్లాడలేదు. నిద్రలో ఏమైనా మాట్లాడానా అని పలక మీద రాసి మా ఆయన్ని అడిగాను. "ఇదివరకు నిద్రలో కూడా ప్లాట్‌ఫారం నంబర్లు చెప్పేదానివి. ఇప్పుడు చెప్పట్లేదు. నాకే నిద్ర పట్టట్లేదు" అన్నాడు.

ఏప్రిల్ 6

సెలవు కాగితం ఇవ్వడానికి బస్ స్టేషన్‌కి వెళ్ళాను. పోస్టులో వేయచ్చు. కానీ పోస్టులో వేస్తే పోతాయి కాగితాలు.

నా బదులు మెషిన్ పెట్టారు. "ఊరికే ట్రయల్ మేడమ్" అన్నారు మేనేజరు గారు, నా మొహం వైపు చూడకుండా. "ఏడవ. నంబరు. ప్లాట్‌ఫారం." ఒక్కో మాట విడివిడిగా, వరసలో నిలబడి ఇటుకలు అందిస్తున్నట్టుంది. బాగానే ఉంది. దానికి గొంతులో బుడిపెలు రావు, సెలవులు అడగదు. నాకేం బాధగా లేదు.

వచ్చేముందు కాసేపు మైకు గది వెనక మెట్టు మీద కూర్చున్నాను. అక్కడ గోడకీ నేలకీ మధ్య సిమెంటు బీటలో ఒక మొక్క ఉంది. ఇన్నేళ్ళుగా ఈ మెట్టు మీదే టీ తాగుతున్నాను, ఎప్పుడూ చూడలేదు. జానెడు ఎత్తుంటుంది. సన్నటి కాడలు మూడు, నిటారుగా తీగల్లా. ఒక్కో కాడ చివర ఉల్లిపొరలు చుట్టినట్టు గోధుమరంగు మూట, చిటికెనవేలి చివరంత. ఆ మూటలోంచి ఒకే ఒక్క పువ్వు తల బయటపెట్టి చూస్తోంది. గులాబీ రంగు, చొక్కా గుండీ కంటే చిన్నది. రేకుల మీద సన్నగా ముదురు గీతలు, పెన్నుతో గీసినట్టు.

అప్పుడే ప్లాట్‌ఫారాలు శుభ్రం చేయించే మేస్త్రి అటు వచ్చాడు. పలక మీద "దీని పేరేంటి?" అని రాసి చూపించాను. పలకని బారెడు దూరం పెట్టి చదువుకుని నవ్వాడు. "పిచ్చిమొక్కకి పేరేంటమ్మా!"

నాకు ఒళ్ళు మండింది. పేరు లేకుండా ఈ ఆవరణలోంచి ఒక్క బస్సు కదలదు. పేరు చెప్పకుండా ఇరవై రెండేళ్ళలో నేను దేన్నీ పంపలేదు. వాగే వీలుంటే మేస్త్రికి ఇదంతా చెప్పేదాన్ని. పలక సరిపోలేదు.

ఏప్రిల్ 8

మళ్ళీ బస్ స్టేషన్‌కి వెళ్ళాను, దారిలోనే కదా అని. (ఎక్కడికి వెళ్ళే దారిలో అని మా ఆయన అడిగాడు. పలక తుడిచేశాను.)

ఒక పువ్వు తెంపి తెచ్చాను. మా ఆయన గడియారాలు చూసే భూతద్దం కంటికి బిగించుకుని పువ్వు మీదికి వంగాడు. భోజనం చల్లారిపోయింది. "రేకులు అయిదు. ఒక్కోటీ చివర చిన్న నొక్కు. చుట్టూ కేసరాలు పది. నడిమధ్య రెండు పీచులు... రెండే. ఎవరు చేశారో గానీ మంచి పనివాడు" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను తెచ్చిన వస్తువుని ఇంతసేపు చూడటం ఇదే మొదటిసారి.

"ఎవరి గడియారంరా అది?" అంది అత్తయ్య.

"పువ్వమ్మా, పువ్వు!"

"అవ్వా? ఏ అవ్వ వచ్చింది?" అని లేచి వీధి తలుపు తీసింది.

ఏప్రిల్ 10

గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చినాయన ఎవరో మా ఆయనతో అన్నాడట, కాలేజీలో ఎండు మొక్కల గది ఒకటుందని. ఒక కాడ తుంచి, తడి గుడ్డలో చుట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్ళాను. మొదటిది మెషిన్ చెప్పిన ప్లాట్‌ఫారంలోకే వచ్చింది. రాసిపెట్టడం న్యాయం.

గదినిండా ఇనుప బీరువాలు, కలరా ఉండల వాసన. బీరువాల్లో అట్టలకి అంటించిన ఎండు మొక్కలు, ఒక్కోదాని కింద పేరు, తేదీ, దొరికిన చోటు. వాటి మధ్య ఒక మాస్టారు. రిటైరయ్యాక కూడా ఊరికే వచ్చి కూర్చుంటారట. పలక చూపించాను: "నేను మాట్లాడకూడదు. డాక్టరు చెప్పారు."

మాస్టారు మొహం వెలిగిపోయింది. "అంటే మధ్యలో అడ్డురారన్నమాట! కూర్చోండమ్మా, కూర్చోండి."

గంటా ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడారు. నాకు గుర్తున్నంత వరకు రాసుకుంటున్నాను. కాడ మీద కణుపులు మోకాళ్ళలా ఉబ్బి ఉన్నాయి, ఆకులు జంటలుగా ఎదురెదురుగా ఉన్నాయి. కాబట్టి కార్నేషన్ల కుటుంబం. పూలకొట్లో గాజుకూజాలో పెడతారే, వాటికి ఇది పేద చుట్టం. ఏడాది మొక్క. మొలిచి, పూసి, గింజ పెట్టి, వెళ్ళిపోతుంది.

"ఈ ఉల్లిపొరల మూట చూడగానే ఇంటిపేరు తెలిసిపోయిందమ్మా. పెట్రోరేజియా. రాయి చీలిక అని ఆ మాటకి అర్థం. రాతి బీటల్లో మొలుస్తుంది గనక. మీ బస్ స్టేషన్‌కి ఎలా వచ్చిందంటారా? ఏ బస్సు టైరుకి అంటుకుని వచ్చిందో! టిక్కెట్టు తీసుకుని మాత్రం రాలేదు."

"అసలు పేరు?" అని రాశాను.

"అదే గొడవ. ఈ ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారు. ఒకే పోలిక. ఆకుల మొదళ్ళు రెండూ కలిసిపోయి కాడ చుట్టూ తొడుగులా ఉన్నాయి చూశారా? దాని పొడవు కొలిచి చెప్పేసేవాళ్ళున్నారు. మీరు తెచ్చినదాని కొలత ఇద్దరికి సరిపోతోంది. నేను చెప్పను. గింజ చూస్తే గానీ చెప్పను. గింజ మీద వల అల్లినట్టుంటే ఒకతె. చిన్న చిన్న బుడిపెలుంటే రెండోది. గుంజలు పాతినట్టు నిలువుగా నూగు లేస్తే మూడోది. వెళ్ళి పండిన గింజ తెండి."

ఎన్నాళ్ళు పడుతుందని వేళ్ళు లెక్కపెట్టి చూపించాను.

"రెండు వారాలు. ఇంకాస్త ఎక్కువే పట్టచ్చు. దాన్ని తొందరపెట్టలేం" అన్నారు.

నన్ను కూడా అన్నట్టుంది.

ఏప్రిల్ 13

బస్ స్టేషన్‌లో నోటీసు అంటించారు. ఇరవై ఆరో తేదీన పై అధికారులు వస్తున్నారు. ఇరవై అయిదు సాయంత్రంలోగా బీటలన్నీ సిమెంటుతో పూడ్చేయాలి. దాని కిందే ఇంకో నోటీసు, మెషిన్ సంగతి కూడా ఆ రోజే తేలుస్తారని.

సిమెంటు విషయం చాలా కంగారుగా ఉంది.

ఏప్రిల్ 15

మేస్త్రికి పలక మీద రాసి చూపించాను, "ఇరవై అయిదు దాకా దీన్ని పీకొద్దు, ఊడవొద్దు" అని. అరచేతులు జోడించాను కూడా.

"దీనికింత కథేంటమ్మా?" అన్నాడు గానీ, అడుగు ఊడిపోయిన బకెట్టు తెచ్చి మొక్క చుట్టూ పెట్టాడు. "సిమెంటు ఇక్కడ ఆఖర్న వేయిస్తాలే. అంతకంటే నా చేతిలో లేదు."

మూటల్లో పాత పువ్వు వాడితే ఇంకోటి వస్తోంది. ఒకేసారి రెండు రావు. క్యూ పద్ధతి తెలిసిన మొక్క.

ఏప్రిల్ 16

మాట్లాడలేదు.

ఏప్రిల్ 18

వరసగా రాస్తాను.

సాయంత్రం మెట్టు మీద కూర్చుని ఉన్నాను. నాలుగున్నర బస్సు ఎప్పుడూ నాలుగో నంబరులో ఆగుతుంది. ఈ రోజు అక్కడ ఇంకో బస్సు చెడిపోయి అడ్డంగా ఉండిపోయింది. డ్రైవరు తొమ్మిదో నంబరుకి తిప్పుకున్నాడు. మెషిన్‌కి ఎవరు చెప్తారు? "నాలుగవ. నంబరు. ప్లాట్‌ఫారం" అంటూనే ఉంది. నాలుగులో డెబ్బై మంది మూటలతో, పిల్లలతో నిలబడ్డారు. తొమ్మిదిలో బస్సు ఖాళీగా ఉంది, ఇంజను ఆపలేదు. మేనేజరు గారు ఎక్కడా కనపడలేదు.

నాకు నోరు తెరుచుకుంది. గాలి గొంతు దాకా వచ్చేసింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

తర్వాత ఏం చేశానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. మేస్త్రి చెత్త ఎత్తే రేకు చేట లాక్కుని, బెంచీ ఎక్కి, పలక చెక్కతో డమడమా వాయించాను. ఆవరణంతా నా వైపు తిరిగింది. పలక మీద ఇంత లావున 9 రాసి పైకెత్తాను.

"ఎవరీవిడ?" అన్నాడొకాయన.

"ఏమో, పాపం మతి సరిగా లేదేమో" అంది పక్కావిడ.

ఇరవై రెండేళ్ళుగా వీళ్ళందరినీ ఇళ్ళకి పంపిస్తున్నది నేనే. ఒక్కరికీ నా మొహం తెలియదు. నేను 9 మీద వేలు పెట్టి, బస్సు వైపు చూపించి, మళ్ళీ 9 మీద వేలు పెట్టాను. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకమ్మాయికి ముందు అర్థమైంది. "తొమ్మిదట, తొమ్మిది!" అని అరిచింది. అంతే, డెబ్బై మందీ ఒకేసారి పరుగు. అందరికీ బస్సు దొరికింది.

పరుగెత్తింది మాత్రం మైకు గది వెనక అడ్డదారిలో. బకెట్టు ఎటో దొర్లిపోయింది. ఒక కాడ నేలకి అతుక్కుపోయింది. మిగిలిన ఒక్కటీ నడుము దగ్గర విరిగి వాలిపోయింది, తెగలేదు.

తొక్కించింది నేనే.

ఏప్రిల్ 19

పొద్దున్నే మా ఆయన్ని లాక్కెళ్ళాను. పనిముట్ల పెట్టెతో సహా వచ్చాడు. నేల మీద బోర్లా పడుకుని, విరిగిన చోట అగ్గిపుల్ల దన్ను పెట్టి, దారంతో మూడు చుట్లు చుట్టాడు. ప్రయాణికులు చుట్టూ మూగారు. "ఏం పోయిందండీ?" అని అడిగారు. "ఏం పోలేదు, కట్టు కడుతున్నా" అన్నాడు, తల ఎత్తకుండా.

లేచాక నాతో మెల్లగా అన్నాడు: "బతుకుతుందని మాటివ్వలేను. లోపల నీళ్ళు పారే దారి కొంచెమైనా మిగిలుంటే గింజ పండచ్చు."

నా భుజం మీద చెయ్యి వేసి ఇంటిదాకా నడిచాడు. దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. ఇద్దరికీ సరిపోయింది.

ఏప్రిల్ 21

కాడ పచ్చగానే ఉంది.

ఏప్రిల్ 22

కాడ పచ్చగానే ఉంది. రేపు ఏదో పని ఉంది.

ఏప్రిల్ 23

డాక్టరు "ఆ" అనమన్నాడు. అన్నాను. వచ్చింది.

మూట పైపొర బాగా ఎండింది. పట్టుకుంటే గరగరలాడుతోంది. కింద తొడుగు దగ్గర కాడ కొంచెం పసుపు తిరిగింది. అది గింజ పండే గుర్తేనని మాస్టారు ముందే చెప్పారు. మూట వెడల్పు మా ఆయన స్కేలుతో కొలిచాను, ఆరు మిల్లీమీటర్లు.

గొంతు వచ్చింది గానీ నాది కాదు. కిందికి దిగిపోయింది, బిందె అడుగున ఇసుక కదిలినట్టుంది. "బాగా మానింది. ఇంకా కాస్త తేరుకుంటుంది గానీ, పాత గొంతు మళ్ళీ రాకపోవచ్చు. రోజుకి నాలుగు గంటలకి మించి వాడకండి" అన్నాడు డాక్టరు. థాంక్స్ చెప్పాను. నా వెనక ఎవరో చెప్పినట్టుంది.

ఇంటికొచ్చి పలక మీద "ఇంకో వారం మాట్లాడకూడదట" అని రాశాను. ఎందుకు రాశానో తెలియదు. చేతికి అలవాటైపోయి ఉంటుంది.

ఏప్రిల్ 24

మాట్లాడలేదు.

ఏప్రిల్ 25

ముందు గింజల సంగతి రాస్తాను.

సిమెంటు కలుపుతుంటే వెళ్ళాను. మేస్త్రి మాట నిలబెట్టుకున్నాడు, మా గోడ ఆఖరిది. మూట విప్పి తెల్లకాగితం మీద దులిపితే నల్లటి గింజలు తొమ్మిది రాలాయి. ఆవాల్లో సగం కూడా లేవు. మొక్కని కూడా వేళ్ళతో సహా లాగి, పాత పేపర్లో పెట్టుకున్నాను. కాగితం మడిచి గుండెల దగ్గర పట్టుకుని ఇంటికొచ్చి, మా ఆయన భూతద్దం తేవడానికి వెళ్తే, బల్ల మీద విప్పి పెట్టి ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అత్తయ్య తడిగుడ్డతో బల్ల తుడుస్తోంది.

"అత్తయ్యా!"

ఇల్లు అదిరిపోయింది. అత్తయ్య గుడ్డ పట్టుకుని అలాగే ఆగిపోయి, నా వైపు తిరిగింది. "ఎందుకే అలా అరుస్తావు? నాకేమైనా చెవుడా?"

లోపలి గదిలోంచి మా ఆయన వచ్చాడు, భూతద్దం ఇంకా కంటికే ఉంది. నన్ను చూశాడు, వాళ్ళమ్మని చూశాడు. "గొంతు ఎప్పుడొచ్చింది?"

"ఎల్లుండి" అన్నాను. తర్వాత "కాదు, మొన్న" అన్నాను.

"మొన్నా? మరి చెప్పలేదేం?"

నాకు ఏడుపొచ్చింది. "ఇది వింటున్నావుగా. మైకులో ఇది పెట్టుకుంటారా ఎవరైనా? ఎవరిదో గొంతులా ఉంది. నాకే కొత్తగా ఉంది."

"గొంతుకేమైందే? బ్రహ్మాండంగా ఉంది" అంది అత్తయ్య. ఇద్దరం ఆవిడ వైపు తిరిగాం. నేను అరవలేదు, మామూలుగానే మాట్లాడాను. "ఇన్నాళ్ళూ చిలకలా సన్నగా పలికేదానివి, ఒక్క ముక్క చెవిలో పడితే ఒట్టు. నేనే ఏదో ఊహించుకుని జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నావు."

మా ఆయన కుర్చీలో కూలబడి నవ్వడం మొదలెట్టాడు. ఆవిడకి నా మాట వినపడదని ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడ చెవుల్ని తిట్టుకున్నాం!

తర్వాత ముగ్గురం కలిసి ఆ గుడ్డని తెల్లపళ్ళెంలో జాడించాం. తొమ్మిదిలో అయిదు దొరికాయి. నీళ్ళు వంచేసి, గింజల్ని దూదితో అద్ది, కొత్త కాగితంలో పెట్టాం. అత్తయ్య ఇంతలో ఆగక అడిగింది, "ఇంతకీ ఏ అవ్వ గింజలు ఇవి?" పువ్వు కథంతా మొదటినుంచి చెప్పాను. మొత్తం విన్నది. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగింది, సరైనవే.

ఏప్రిల్ 26

మాస్టారికి నమస్కారం చెప్పగానే ఆయన మొహం వాడిపోయింది. "ఓహో, మాటలొచ్చేశాయా?" అన్నారు.

"వచ్చాయి గానీ, మీరు చెప్పేటప్పుడు అడ్డురాను" అన్నాను.

మైక్రోస్కోపు కింద గింజ పెట్టారు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆపరేషన్ గది బయట కూర్చున్నట్టే అయింది.

"రండి, చూడండి."

చూశాను. నల్లగా, పడవలా వంగిన గింజ. దాని ఒంటినిండా పొట్టి పొట్టి గుంజలు, వరసగా నిలబడి, ఒక్కోటీ విడిగా. చేత్తో పట్టుకుంటే ఏమీ తెలియనిది, అక్కడ అంత పొందిగ్గా ఉంది.

"మూడో చెల్లెలు!" అన్నాను.

"మూడో చెల్లెలే. పెట్రోరేజియా డ్యూబియా." మాస్టారు నవ్వుతూ అద్దాలు తుడుచుకున్నారు. "డ్యూబియా అంటే అర్థం తెలుసా అమ్మా? సందేహం. అనుమానం ఉన్నది అని."

ఇన్ని రోజులు అనుమానం తీర్చుకోవడానికి తిరిగితే, చివరికి తేలిన పేరే అనుమానం! ఇద్దరం పగలబడి నవ్వాం. పక్క గదిలోంచి ఎవరో వచ్చి చూసి వెళ్ళారు.

మొక్కని అట్టకి అంటించారు, మా ఆయన కట్టిన అగ్గిపుల్లతో సహా. తీసేయమంటారా అని అడిగితే ఉంచమన్నాను. కింద లేబుల్ మీద పేరు, తేదీ రాసి, దొరికిన చోటు అడిగారు. "బస్ స్టేషన్, మైకు గది వెనక గోడ, సిమెంటు బీట" అని చెప్పాను. నెమ్మదిగా, స్పష్టంగా, ఆయన రాసుకునే వేగానికి సరిపోయేలా. అది నాకు బాగా వచ్చిన పని.

"బీట ఇప్పుడు లేదు. నిన్న పూడ్చేశారు" అన్నాను.

"దానికేం? ఏడాది మొక్కే కదా. దాని పని అది ముగించుకుంది."

ఏప్రిల్ 29

మేనేజరు గారు పిలిపించారు. నాలుగున్నర బస్సువాళ్ళలో పదకొండు మంది మెషిన్ మీద ఫిర్యాదు రాశారట, "చేట వాయించినావిడ" లేకపోతే ఇళ్ళకి చేరేవాళ్ళం కాదని. పై అధికారులు చదివారు. రోజూ ఉండేవి మెషిన్ చెప్తుంది, మార్పులన్నీ నేను చెప్పాలి. రోజుకి నాలుగు గంటలు.

"నా గొంతు మారిందండీ, విన్నారుగా?" అన్నాను.

"విన్నాను. అయితే ఏం?" అన్నారాయన.

ఏమీ లేదు.

బయట మేస్త్రి కనపడి "పేరు తెలిసిందా అమ్మా?" అని అడిగాడు. చెప్పాను. రెండుసార్లు నోట్లోనే నమిలి, "పెట్రోలు రాజయ్యా?" అన్నాడు. దిద్దలేదు. బస్ స్టేషన్‌కి సరిపోయే పేరే.

మే 6

మొదటి రోజు. మైకు ముందు కూర్చున్నాను. పన్నెండింటి బస్సు మూడో నంబరు నుంచి ఆరుకి మారింది. మీట నొక్కి చెప్పాను. పాత పద్ధతిలో చివర రాగం తీద్దామనుకున్నాను, ఈ గొంతుతో రాలేదు. సూటిగా చెప్పేశాను. కిటికీ అద్దంలోంచి చూస్తే జనం మూటలెత్తుకుని ఆరు వైపు నడుస్తున్నారు. పరుగెత్తడం లేదు, నడుస్తున్నారు.

కాసేపయ్యాక కిటికీ మీద టకటక. చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఒకరు.

"కొత్తగా చేరావా అమ్మా?"

కిటికీ కొంచెం తెరిచాను.

"ఇంతకుముందు ఒకావిడ ఉండేది. గొంతు తీయగానే ఉండేది గానీ, పాట పాడినట్టు చెప్పేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పక్కవాళ్ళని అడిగి ఎక్కేవాణ్ణి. ఇవాళ ఎవర్నీ అడగలేదు. అది చెబుదామని వచ్చా."

"అవునండీ" అన్నాను. "కొత్తగానే చేరాను."

"మంచిది. ఉండిపో" అని చెప్పి ఆరో నంబరు వైపు వెళ్ళిపోయాడు.